పావు కాసు ఎరకి ఏ రాడ్డు?

మా బావమరిది గుంటూరులో ఉంటాడు. ఒకరోజు రాత్రి పదకొండింటికి మూడు గాలం రాడ్ల ఫొటోలు పంపి, "బావా, వీటిల్లో ఏది తీసుకోను? మూడూ బాస్ స్పెషల్ అని రాశారు" అని అడిగాడు. "ఎన్ని గ్రాముల ఎర విసురుతావు?" అన్నాను. కాసేపు జవాబు లేదు. తర్వాత, "ఎర తర్వాత కొంటాలే, ముందు రాడ్డు చెప్పు" అన్నాడు.

అందరం చేసే పొరపాటే ఇది. నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట విజయవాడ వన్‌టౌన్‌లో ఒక కొట్లో "ఇరవై కిలోల చేపనైనా లాగుద్ది" అంటే నమ్మి, జేబులో పెన్నులా ముడుచుకునే లావుపాటి టెలిస్కోపిక్ రాడ్డు కొన్నాను. అయిదు గ్రాముల రబ్బరు ఎర కట్టి విసిరితే అది నా కాళ్ల ముందే పడింది. ఇరవై కిలోల చేపా లేదు, రెండొందల గ్రాముల మట్టగిడసా లేదు. ఆ కర్రతో ఇప్పుడు మా ఇంట్లో బూజు దులుపుతున్నారు.

బావమరిది పంపిన మూడూ చెబుతాను, ఇందులోని మాటల అర్థం తర్వాత వస్తుంది. మొదటిది ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్డు, మీడియం పవర్, ఒకే ముక్క. రెండోది ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, అదీ స్పిన్నింగే, మీడియం లైట్ పవర్, ఫాస్ట్ యాక్షన్, రెండు ముక్కలు. మూడోది ఆరున్నర అడుగుల బెయిట్‌కాస్టింగ్ రాడ్డు, మీడియం హెవీ, ఎర్ర రంగు పిడి. వాడి మనసు మూడోదాని మీద ఉందని ఫొటోలు పంపిన వరసలోనే తెలిసిపోయింది. దాన్ని నాలుగు వైపుల నుంచీ తీసి పంపాడు.

ముందు ఈ "బాస్" గొడవ తేల్చుకుందాం. లార్జ్‌మౌత్ బాస్, స్మాల్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేపలు. లార్జ్‌మౌత్‌ని 1925లో జపాన్ తీసుకెళ్లి ఆషి సరస్సులో వదిలారు. పేరున్న గాలం రాడ్ల కంపెనీలు చాలా అమెరికావీ జపాన్‌వీ కాబట్టి రాడ్డు మీద రాసే మాటలు చాలావరకు ఆ చేపని బట్టి వచ్చినవే. మన కృష్ణా నదిలో బాస్ లేదు. అయినా ఆ చేప కోసం వాడే ఫినెస్ అనే పద్ధతి మనకి పనికొస్తుంది. ఫినెస్ అంటే బెదిరిన చేప ముందు చిన్న ఎరని, సన్నటి దారంతో, నిదానంగా ఆడించడం. నీళ్లు తేటగా ఉండి, గట్టు మీద గాలాలు ఎక్కువై, చేప పెద్ద ఎరని చూసి తప్పుకుంటున్నప్పుడు పుట్టిన పద్ధతి ఇది. సంక్రాంతికి అటూ ఇటూ నీళ్లు తేరుకున్నప్పుడు బందరు కాలువ పక్కన నిలబడి చూడండి, అదే పరిస్థితి. మట్టగిడస, పిల్ల కొరమీను, తిలాపియా, అదృష్టముంటే నాగాయలంక వైపు ఉప్పునీటి పాయల్లో చిన్న పండుగప్ప. వీటికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. వరదల రోజుల్లో, బ్యారేజీ గేట్లెత్తి నీళ్లు ఎర్రగా పారుతున్నప్పుడు మాత్రం రబ్బరు ఎరలు ఇంట్లో పెట్టేసి, ఎర్రలు గుచ్చి బరువైన సీసం కట్టుకోవడమే మేలు.

ఇక తూకం సంగతి. రాడ్డు మీద, పిడికి కాస్త పైన, చిన్న అక్షరాల్లో ఎంత బరువు ఎర విసరొచ్చో రాసి ఉంటుంది. అమెరికా లెక్కలో అయితే ఔన్సులు. 1/16 ఔన్సు అంటే సుమారు 1.8 గ్రాములు, 1/8 అంటే 3.5, 1/4 అంటే 7, 3/8 అంటే పదిన్నర. బంగారం లెక్కలో చెబితే మనకి త్వరగా ఎక్కుతుంది. కాసు 8 గ్రాములు కదా. ఫినెస్ ఎరలు దాదాపుగా పావు కాసుకీ కాసుకీ మధ్య ఉంటాయి, కొన్ని కాసు పైన కొంచెం. అంత తేలికైనది దూరం వెళ్లాలంటే మన భుజబలం చాలదు. ఎర బరువుకి కర్ర కొన వెనక్కి వంగాలి, ముందుకి విదిలించినప్పుడు ఆ వంపు విడివడి ఎరని తోసుకెళ్లాలి. కొన వంగకపోతే మీరు విసురుతున్నది ఎరని కాదు, గాలిని. నా బూజు కర్ర చేసింది అదే.

రాడ్డు మీద పవర్ అని, యాక్షన్ అని రెండు మాటలుంటాయి. కొట్లో అమ్మేవాళ్లు కూడా రెండూ కలిపేస్తుంటారు. పవర్ అంటే కర్ర ఎంత బరువుకి వంగుతుందో చెప్పేది. అల్ట్రా లైట్, లైట్, మీడియం లైట్, మీడియం, మీడియం హెవీ, ఇలా పెరుగుతూ పోతుంది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో చెప్పేది. చింత బరికె గుర్తుందా? బళ్లో మాస్టారి చేతిలో ఉండేది. అది మొదలు నుంచి కొస దాకా ఊగుతుంది. అలాంటిది స్లో యాక్షన్. పట్టుకునే వైపు వెదురు బొంగు ఉంచి, పైనున్న మూడో వంతుకి మాత్రం చింత బరికె కట్టామనుకోండి, అది ఫాస్ట్. ఇంకా కొసకి మాత్రమే కడితే ఎక్‌స్ట్రా ఫాస్ట్. పేరులో ఫాస్ట్ ఉంది కదా అని ఎర వేగంగా వెళుతుందనుకోకండి. చేప ముట్టుకున్న సంగతి చేతికి త్వరగా తెలుస్తుంది, మనం లాగిన లాగుడు కొక్కేనికి త్వరగా అందుతుంది, అంతే.

ఫినెస్‌కి కావాల్సిన జత: పవర్ తక్కువ, యాక్షన్ ఫాస్ట్. కొన మెత్తగా ఉంటే తేలిక ఎర ఎగురుతుంది, సన్న దారం ఒక్కసారిగా తెగదు. దాని కింద కర్ర బిగువుగా ఉంటే కబురు సరిగ్గా చేతికి చేరుతుంది. లైట్ పవర్ రాడ్డు ఒకటి నుంచి అయిదారు గ్రాముల దాకా బాగుంటుంది. మీడియం లైట్ మూడు నుంచి పది దాకా. మీడియం ఏడు దాటాక గానీ మేలుకోదు. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. ఒక కంపెనీ మీడియం లైట్ ఇంకో కంపెనీ మీడియం అంత గట్టిగా ఉండొచ్చు. అందుకే పవర్ పేరు కంటే పక్కనున్న గ్రాముల అంకె చూడమంటాను.

అయితే మీడియం లైట్ కొనేస్తే సరిపోతుందా? దాదాపుగా. కానీ ఎర కట్టే తీరుని (దాన్నే రిగ్ అంటారు) బట్టి చిన్న తేడా ఉంది, నన్నడిగితే ఎంపిక మొత్తం ఆ తేడాలోనే ఉంది. కొక్కెం మొన బయటికి ఉందా, రబ్బరులో దాచారా అని చూసుకోవాలి.

నెడ్ రిగ్‌లో మొన బయటే ఉంటుంది. పుట్టగొడుగు తలలాంటి చిన్న సీసం, దానికి రెండున్నర మూడు అంగుళాల పొట్టి రబ్బరు పుల్ల. కాన్సస్ రాష్ట్రానికి చెందిన నెడ్ కేడీ పేరు మీద దానికా పేరొచ్చింది. దాన్ని అడుగున నిలబెట్టి ఊరికే కాస్త కదిపితే చాలు. డ్రాప్ షాట్‌లో సీసం దారం చివర అడుగున ఉంటుంది, కొక్కెం దానికి జానెడో మూరెడో పైన. ఎర నేలని అంటకుండా ఉన్నచోటే వణుకుతుంది. ఇది జపాన్ నుంచి అమెరికా పోటీలకి వెళ్లిన పద్ధతి. మన కాలువల అడుగున నాచూ చెత్తా ఉంటాయి కాబట్టి ఎర వాటికి పైన ఉండటం నాకు చాలా నచ్చిన సంగతి. ఈ రెండిట్లోనూ కొక్కెం సన్న తీగది, మొన బయటికి ఉంటుంది. చేప నోట్లో పెట్టుకోగానే గట్టిగా కుదపనక్కర్లేదు, రీలు తిప్పుతూ రాడ్డుని నెమ్మదిగా పక్కకి వాలిస్తే గుచ్చుకుంటుంది. వీటికి మీడియం లైట్‌ని మించింది లేదు.

షేకీ హెడ్‌లో కొక్కెం మొనని రబ్బరు పురుగులోకి దాచి పెడతారు, చెత్తకి తగులుకోకుండా. చేప ముట్టాక ఆ మొన ముందు రబ్బరుని చీల్చుకుని, తర్వాత దవడలోకి దిగాలి. ఇక్కడ మరీ మెత్తటి కర్ర ఉంటే మన లాగుడంతా కర్ర వంపులోనే ఇంకిపోతుంది. మీడియం కావాలి. వాకీ రిగ్ మధ్యలో ఉంటుంది. అయిదంగుళాల రబ్బరు పుల్లకి నడుం దగ్గర కొక్కెం గుచ్చి సీసం లేకుండా వదిలితే, దిగుతున్నంతసేపూ రెండు చివర్లూ ఆడుతుంటాయి. సీసం లేదనే గానీ ఆ పుల్లే దాదాపు పది గ్రాములు తూగుతుంది. మీడియంతోనూ సుఖంగా వెళుతుంది.

ఇప్పుడు బావమరిది మొదటి రెండు రాడ్లనీ పక్కపక్కన పెట్టండి. గట్టు మీద నుంచి ఎక్కువగా నెడ్, డ్రాప్ షాట్ వేసేవాడికి రెండోది. గుర్రపుడెక్క అంచుల్లో మొన దాచిన ఎరలు వేస్తానంటే మొదటిది. ఒకే ఒక్క రాడ్డు కొంటాను, ఏం వేస్తానో నాకే తెలీదు అనేవాడికి నేను రెండోదే చెబుతాను. మీడియంతో మూడు గ్రాముల ఎర విసరడం నరకం. మీడియం లైట్‌తో పది గ్రాములది విసరడం కాస్త ఇబ్బంది, అంతే.

మూడోది, ఎర్ర పిడిది, ఈ పనికి కాదు. బెయిట్‌కాస్టింగ్ రీలులో ఎర బరువే రీలు చుట్టని తిప్పాలి. ఎర తేలికైతే చుట్ట సరిగ్గా తిరగదు, తిరిగితే ఎర ఆగాక కూడా తిరుగుతూనే ఉంటుంది. దారం కోడి కెలికిన నూలుకండెలా తయారవుతుంది. తేలిక ఎరల కోసం లోతు తక్కువ చుట్టతో ప్రత్యేకమైన బెయిట్ ఫినెస్ రీళ్లున్నాయి. వాటికి ఖర్చెక్కువ, చేయి తిరగాలి, పైగా రాడ్డు కూడా దానికి తగ్గ మెత్తటిది ఉండాలి. స్పిన్నింగ్ రీలులో చుట్ట కదలదు, దారం దానిమీద నుంచి జారుతూ పోతుంది. కొత్తవాడికి మొదటి గంటలోనే ఎర నీళ్లలో పడుతుంది. అలాగని ఆ మీడియం హెవీ చెడ్డదేం కాదు. గుర్రపుడెక్క మధ్యలో కప్ప బొమ్మ ఆడించి రెండు కిలోల కొరమీనుని మొక్కలతో సహా ఈడ్చుకు రావాలంటే అదే కావాలి. ఆ పని మీడియం లైట్‌తో చేయబోతే కొరమీను ఒక్క ఊపున మొక్కల్లోకి దూరి కూర్చుంటుంది, మీరు దారం తెంపుకుని ఇంటికొస్తారు. రెండు వేర్వేరు వేటలు, రెండు వేర్వేరు కర్రలు. మధ్యరకం కొంటే రెండూ చెడతాయి.

పొడవు గురించి అందరూ అడుగుతారు. ఏడడుగులది కొంచెం దూరం విసురుతుంది, వదులుగా ఉన్న దారాన్ని ఒక్క ఊపులో ఎక్కువ లాక్కుంటుంది. సీతానగరం వైపు నది ఒడ్డున, చుట్టూ ఖాళీ ఉన్నచోట అది హాయి. అదే కాలువ గట్టు మీద తుమ్మ కొమ్మలు నెత్తి మీదే ఉంటాయి, వెనక స్కూటర్లు పోతుంటాయి. అక్కడ ఆరున్నర అడుగులే నయం. పొట్టి కర్ర ఎరని కచ్చితంగా అనుకున్న సందులో దింపుతుంది కూడా. అంగుళాల కోసం రాత్రంతా ఆలోచించకండి. ఆరున్నరకీ ఏడుకీ మధ్య ఏదైనా పని నడుస్తుంది.

ముక్కలెన్ని అనేది మాత్రం మన ఊళ్లో పెద్ద ప్రశ్నే. పడవల మీద రాడ్లు నిలబెట్టుకుని తిరిగే అమెరికావాళ్లకి ఒకే ముక్క బాగుంటుంది. మనం బైకు మీదో, తెనాలి బస్సులోనో వెళ్లాలి. నేను ఒకసారి ఒకే ముక్క రాడ్డు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, గొట్టంలోనే కొన విరిగి వచ్చింది. వెనక్కి పంపడానికి పది రోజులు పట్టింది. ఇంకోటి నా చేతులారా కారు తలుపులో నలిపాను. అప్పటి నుంచి రెండు ముక్కలే. ఒకప్పుడు అతుకు దగ్గర కబురు ఆగిపోతుందనేవాళ్లు, ఇప్పటి మంచి రాడ్లలో ఆ తేడా నా చేతికైతే తెలియలేదు. టెలిస్కోపిక్‌కి మాత్రం దూరంగా ఉండండి. రింగులు సరైన చోట్ల కుదరవు, కీళ్లలో ఇసుక చేరుతుంది, వంపు మెట్లుమెట్లుగా ఉంటుంది. బూజు దులపడానికి అయితే బాగుంటుంది.

కర్ర దేనితో చేశారన్నదీ చూడాలి. కార్బన్ తేలిక, చేప ముట్టిన చిన్న కదలిక కూడా మోసుకొస్తుంది, కానీ దెబ్బ తగిలితే ఓర్చుకోదు. గ్లాస్ ఫైబర్ మొండిది, పిల్లలు తొక్కినా బతుకుతుంది, కానీ బరువెక్కువ, కబురు మందంగా వస్తుంది. రెండూ కలిపి చేసినవీ ఉన్నాయి, అగ్లీ స్టిక్ రాడ్లు అలాంటివే. ఫినెస్‌లో చేప ఎరని లాక్కుపోదు, చాలాసార్లు ఊరికే నోట్లో పెట్టుకుని ఊరుకుంటుంది. దారం మీద చిన్న బరువు తప్ప ఇంకేమీ తెలీదు. అందుకే ఇక్కడ కార్బన్‌కి ఇంకాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదంటాను. "ముప్పై టన్నుల కార్బన్" లాంటి రాతలు చూసి మాత్రం మురిసిపోకండి. ఆ అంకె కర్రలోని కార్బన్ పోగుల బిగువు గురించి, చేప బరువు గురించి కాదు. బిగువు పెరిగేకొద్దీ కర్ర పెళుసూ అవుతుంది.

కార్బన్‌తో ఇంకో సంగతి, ఇది సరదాకి చెప్పేది కాదు. అది కరెంటుని పారనిస్తుంది. మన కాలువ గట్ల మీద, పొలాల పక్కన కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. విసిరే ముందు తల పైకెత్తి చూడండి. ఉరుములు మొదలైతే రాడ్డు కింద పెట్టేయండి. అలాగే బ్యారేజీ గేట్లకి దిగువన రాళ్ల మీదికి దిగకండి, నీళ్లు ఎప్పుడు వదులుతారో మీకు చెప్పి వదలరు.

రీలు 2000 లేదా 2500 సైజు చాలు. అంతకంటే పెద్దది పెడితే పిడి వైపు బరువెక్కి మణికట్టు లాగేస్తుంది. దారం విషయంలో పిసినారితనం వద్దు, అలాగని లావూ వద్దు. తంగీసు దారం ఒక్కటే చుట్టినా చేపలు పడతాయి గానీ అది సాగుతుంది, ఆ సాగుడులో సగం కబురు పోతుంది. సన్నటి అల్లిక దారం, పిఈ (దారం లావుని చెప్పే అంకె) 0.8 గానీ 1 గానీ చుట్టుకుని, చివర రెండు మీటర్లు ఎనిమిది పౌన్ల ఫ్లోరోకార్బన్ దారం కట్టుకోండి. ఎనిమిది పౌన్లంటే మూడున్నర కిలోల పైమాటే, అంత లాగుడు తట్టుకుంటుందని. పండుగప్ప కోసం వెళితే ఆ చివరి ముక్క ఇరవై పౌన్లది పెట్టాలి, దాని మొప్ప అంచు బ్లేడులా కోసేస్తుంది. రాడ్డు మీద దారం లెక్క కూడా రాసి ఉంటుంది, నాలుగు నుంచి పది పౌన్లు అని. దానికి ముప్పై పౌన్ల దారం చుట్టి తగులుకున్న కొక్కేన్ని బలవంతంగా లాగితే దారం తెగదు, కర్ర విరుగుతుంది. తగులుకున్నప్పుడు రాడ్డుని దారం వైపే తిన్నగా చాచి, చేతికి గుడ్డ చుట్టుకుని దారాన్నే లాగాలి.

పిడి కార్కుదా, ఫోముదా అన్నది మీ ఇష్టం. చెమట చేతులకి కార్కు జారదు.

కొట్లో కొంటుంటే మీ రీలు, మీ ఎర వెంట తీసుకెళ్లండి. రీలు బిగించి, రీలుకి కాస్త ముందు వేలి మీద నిలబెట్టి చూడండి, ముందుకి బరువుగా వాలిపోతే సాయంత్రానికి చేయి నొప్పెడుతుంది. ఎరని కొన నుంచి వేలాడదీసి మెల్లగా ఊపండి, కొన దానికి స్పందించాలి. కొన పట్టుకుని చేత్తో వంచకండి, వంచనివ్వకండి, అలా వంచితే మంచి రాడ్డు కూడా విరుగుతుంది. కొంచెం దూది తీసుకుని ప్రతి రింగు లోపలా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుందంటే అక్కడ పగులు ఉన్నట్టు, అది మీ సన్నటి దారాన్ని రోజూ కొరుకుతుంది.

బావమరిది చివరికి రెండోదే తీసుకున్నాడు. మొదటి ఆదివారం దుగ్గిరాల దగ్గర కొమ్మమూరు కాలువకి వెళ్లి, గట్టు మీది తుమ్మచెట్టుకి నాలుగు ఎరలు సమర్పించుకుని, అయిదో ఎరకి జానెడు మట్టగిడసని పట్టాడు. రాత్రి మళ్లీ పదకొండింటికి ఫొటో వచ్చింది. కింద రాసి ఉంది: "బావా, ఆరడుగులది ఏమైనా ఉంటుందా?"